హాలుకు పెళ్లిచీర రంగు

మా ఆవిడ తన పెళ్లిచీరను కత్తిరించిన రోజున నేను ఇంట్లోనే ఉన్నాను. ఆదివారం. ఆరాధన నుంచి వచ్చి, అన్నం తిని, మంచం మీద నడుం వాల్చాను. బీరువా తలుపు కిర్రుమంది. కలరా ఉండల వాసన వచ్చింది. కళ్లు తెరిచి చూస్తే ఆమె నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో చీర, చేతిలో కుట్టుపని కత్తెర. చీర లోపలి కొస, అంటే కట్టుకునేటప్పుడు మొదట నడుముకు దోపుకునే వైపు, అక్కడ అరచేతిలో సగమంత ముక్క కత్తిరించేసింది. నేను లేచి కూర్చునేలోపే ఆ పని అయిపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లు నెల్లూరు నుంచి మైపాడుకు, మైపాడు నుంచి నెల్లూరుకు బస్సులో కండక్టరుగా తిరిగినవాణ్ణి. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లతో, చేపల గంపలు ఎక్కించేవాళ్లతో రోజూ అరిచి అరిచి నా గొంతుకు మెల్లగా మాట్లాడడం రాకుండా పోయింది. ఇంటికొచ్చినా అదే గొంతు. నీకు బుద్ధుందా, అదేమన్నా బ్లౌజు పీసా అని కేకలేశాను. ఆమె తల ఎత్తలేదు. కోసిన అంచు పోగులు లేవకుండా మడిచి కుట్టుకుంటూ, ముక్క పెయింటు కొట్టుకు తీసుకుపోవాలని చెప్పింది. ఈ క్రిస్మస్‌కు హాలు గోడలకు ఆ రంగే కావాలట. చీర మొత్తం మోసుకుపోతే అక్కడ మరకలవుతాయట. లోపల దోపుకునే కొసే కాబట్టి కట్టినప్పుడు ఎవరికీ కనబడదట. అన్నీ ఆలోచించుకునే కత్తెర పట్టింది.

మా సంగతి కొంచెం చెప్పాలి. మేం క్రైస్తవులం. మా వాళ్లలో పెళ్లికూతురు హాఫ్ వైట్ పట్టుచీర కడుతుంది. పెళ్లయ్యాక దాన్ని మామూలు రోజుల్లో కట్టరు, బీరువాలో దాచుకుంటారు. మనిషి పోయిన రోజున మళ్లీ అదే కట్టి సాగనంపుతారు. అందరూ చేస్తారని కాదు, మా సంఘంలో పెద్ద ఆడవాళ్లు పట్టుబట్టే అలవాటు. మా అమ్మను అలాగే పంపించాం. అందుకే ఆ చీర బయటికి తీస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అందులోనూ అప్పటికి రెండు నెలలుగా ఆమె కడుపునొప్పితో ఆసుపత్రి చుట్టూ తిరుగుతోంది. గడ్డ అన్నారు. పరీక్షకు పంపారు. ఆ పరీక్షలో ఏం తేలిందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. మాకు పిల్లలు లేరు. ఉన్న ఇద్దరమూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం.

హాఫ్ వైట్ హాలు ఆమెకు పాత కోరిక. మా వీధిలో ఇళ్లన్నీ చిలకపచ్చ, వంగపండు రంగు, ఆకాశనీలం. పడవకు కొట్టగా మిగిలిన రంగును ఇంటి ముందు గోడకు కొట్టేవాళ్లూ ఉన్నారు. మా హాలు లేత పచ్చ. ఉప్పుగాలికి గోడలు పొరలు లేస్తాయి కాబట్టి నవంబరు వానలు తెరిపి ఇవ్వగానే గీకి, పుట్టీ పెట్టి, క్రిస్మస్‌కు ముందు రంగు వేయడం మాకు మామూలు. రంగు వేసినప్పుడల్లా ఆమె హాఫ్ వైట్ అనేది. సముద్రపు గాలికి నెల తిరక్కుండా మాసిపోతుంది, ఊరుకో అని నేను అనేవాణ్ణి. ఆ ఏడు మాత్రం నీ ఇష్టం అన్నాను. జబ్బు చేస్తేగానీ నా మాట చెల్లలేదు కదా అని ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

మరుసటి వారం ఇద్దరం నెల్లూరులో పెయింటు కొట్టుకు పోయాం. కొట్టాయన యాభై దాటిన మనిషి, మంచి ఓపిక. మా ముందు షేడ్ కార్డు పరిచాడు. తెల్లటి చదరాలు, వరసకు ఏడో ఎనిమిదో. నా కంటికి అన్నీ ఒకటే. ఏదో ఒకటి చూపించి తొందరగా తెములు అని నేను గొణుగుతూ ఉన్నాను. ఆమె ఆ కార్డు తీసుకుని కొట్టు దిగి రోడ్డు మీదికి పోయింది. ఇరవై ఏళ్లు ఊళ్లో ఆడవాళ్లకు బ్లౌజులు కుట్టిన మనిషి. దారం కొనాలన్నా, లైనింగ్ కొనాలన్నా చీర తీసుకుపోయి, మ్యాచింగ్ సెంటరు బయట ఎండలో పట్టి చూసిగానీ కొనదు. ఇక్కడా అదే పని చేసింది. ఆటోలు హారన్లు కొడుతుంటే రోడ్డు వారన నిలబడి, ఎండకు వీపు పెట్టి, చీర ముక్కను ఒక్కొక్క చదరం పక్కనా పెట్టి చూసింది. కొట్లో వాళ్లందరూ మమ్మల్నే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. లోపల లైటు ఉంది కదా, అక్కడే చూడు అన్నాను.

"ట్యూబ్‌లైటు కింద చూస్తే అన్నీ మోసమేనయ్యా. వెలుతుర్లో చూడాల" అంది.

లోపలికి వచ్చి కొట్టాయనతో చాలాసేపు మాట్లాడింది. ఆ మాటలు వింటుంటే నాకు విసుగూ వచ్చింది, లోలోపల కొంచెం గర్వమూ వచ్చింది. తెలుపులో గంజి తెలుపు వేరు, మీగడ తెలుపు వేరు అని చెప్పింది. గంజిలో నీలం దాగి ఉంటుందట, మీగడలో పసుపు. తన చీర పెళ్లినాడు గంజికీ మీగడకూ మధ్య ఉండేదట, ఇరవై ఎనిమిదేళ్లు బీరువాలో ఉండి మీగడ తిరిగిందట, తనకు ఇప్పటి రంగే ఇష్టమట. మా హాలుకు కిటికీ తూర్పున ఉందని, నేల ఎర్ర గచ్చని, ఆ ఎరుపు గోడ మీదికి కొడుతుందని చెప్పింది. అందుకని ముక్కకు అచ్చంగా కుదిరిన చదరాన్ని వదిలేసి దాని పక్కదాన్ని ఎంచింది. కొట్టాయన ఆమె ముఖంలోకి చూసి, ఇంత వివరంగా ఎవరూ అడగరమ్మా అన్నాడు. మళ్లీ కావాలంటే ఉంటుందని చీర ముక్కను తన నోటుపుస్తకంలో టేపుతో అంటించి, పక్కన ఏదో నంబరు రాసుకున్నాడు. బకెట్ మిషనులో పెట్టి గిరగిరా తిప్పి ఇచ్చాడు. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆ బకెట్ మీద చెయ్యి వేసుకునే కూర్చుంది.

ఆ వారమంతా కుట్టుమిషను మీదే ఉంది. గోడకు తగినట్టు మీగడ రంగు బట్టతో కిటికీ తెరలు కుట్టింది. కుర్చీల దిండ్లకు గోధుమరంగు గలేబులు కుట్టింది. టేకు తలుపులకు ఆ రంగు నప్పుతుందట. నొప్పి వస్తే మిషను ఆపి, పొత్తికడుపు పట్టుకుని, తగ్గాక మళ్లీ తొక్కేది. ఆపరేషనుకు రమ్మని ఆసుపత్రి నుంచి కబురొచ్చిన రోజుకు తెరలన్నీ ఇస్త్రీ చేసి మడిచిపెట్టింది. నేను లేనప్పుడు రంగు వేయించు, వచ్చేసరికి వాసన పోయుంటుంది అంది.

ఆమెను ఆసుపత్రిలో పెట్టి, తోడుగా వాళ్ల అక్కను, అంటే మా వదినను ఉంచి నేను డ్యూటీకి వస్తూ పోతూ ఉన్నాను. రంగు మేస్త్రిని పిలిచాను. మా ఊరివాడే, మమ్మల్ని అన్నా, వదినా అని పిలిచేవాడే. మొదటి కోటు వేసిన రోజు సాయంత్రం డ్యూటీ దిగి ఆసుపత్రికి పోయి, ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. హాలులో ట్యూబ్‌లైటు వేశాను.

గోడలు ఇంకా తడిగా ఉన్నాయి. ఒకచోట తెల్లగా, ఒకచోట పచ్చగా, పాత ఇల్లు మాసినట్టు కనిపించాయి. అదొక్కటే అయితే తిట్టుకుని పడుకునేవాణ్ణి. అది ఆ చీరే. నాలుగు గోడల మీదా ఆ చీర పరిచి పెట్టినట్టు ఉంది. మా అమ్మ పోయిన రోజు ఇదే హాలులో, ఇదే మూల, అటువంటి చీరలోనే పడుకోబెట్టాం. నేను గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేకపోయాను. నాకు భయమేసింది. ఈ మాట అప్పుడు ఎవరితోనైనా చెప్పి ఉంటే బాగుండేది. భయం వేస్తే చెప్పడం రాదు నాకు, అరవడం వస్తుంది.

పొద్దున్నే మేస్త్రి రాగానే మీద పడ్డాను. ఇదేం రంగు, కొత్తగా వేయించింది పాతగా ఉంది, నలుగురూ నవ్విపోతారు అన్నాను. అతను రోలరు కింద పెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"ఇంకా ఆరలేదన్నా. ఆరితే తేరుకుంటాది. రెండో కోటు పడనీ. వదినమ్మ ఎంచుకునింది గదా, రొంత ఆగు."

ఆగలేదు. ఆ బకెట్ తీసి పక్కన పెట్టించి, మా ఊరి కొట్లోనే ఉన్న తెల్లరంగు తెప్పించాను. అన్నిటికంటే తెలుపు ఏదో అది. తెలుపు తెలుపే, ఆడవాళ్ల చాదస్తం కాకపోతే హాఫ్ ఏంటి, ఫుల్ ఏంటి అని మేస్త్రితో అన్నాను. అతను రెండు కోట్లు వేసి పోయాడు. హాలు తళతళలాడింది. ఆ రోజు బస్సులో నేను చాలా రోజుల తర్వాత ఒక ముసలాయనతో నవ్వుతూ మాట్లాడాను.

ఆసుపత్రిలో ఆమె పక్క మంచాల వాళ్లందరికీ హాలు సంగతి చెప్పేసి ఉంది. చూడ్డానికి వచ్చిన సంఘం ఆడవాళ్లకూ చెప్పింది. మా హాలుకు నా పెళ్లిచీర రంగు వేయిస్తున్నా అని. ఆపరేషనయి మూడో రోజు. ముఖం పాలిపోయి ఉంది. నేను పోయి స్టూలు మీద కూర్చోగానే మొదటి మాట అదే అడిగింది.

"కుదిరిందా?"

"అచ్చం నీ చీరే" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆమె కళ్లు మూసుకుంది. ఎప్పుడూ దానిమీదే ధ్యాస, ఇంక నిమ్మళంగా పడుకుంటుంది అని వదిన అంది. ఆ ముఖం చూశాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. పోనీ మళ్లీ వేయించి ఉండవచ్చు. ఆ బకెట్ వంటింటి మూలనే ఉంది, ఆమె ఇంటికి రావడానికి ఇంకా పది రోజులు టైము ఉంది. మేస్త్రి వేరే ఇంటి పని ఒప్పుకున్నాడని, క్రిస్మస్ రద్దీలో నాకు సెలవు దొరకదని ఏవేవో చెప్పుకున్నాను. ఇవన్నీ సాకులే. అంత నీరసంలో ఉన్న మనిషి తెలుపుల్లో తేడా ఏం కనిపెడుతుందిలే అనుకున్నాను, అదీ అసలు సంగతి. ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసి, ఆమె కంటిని అంత తక్కువ అంచనా వేశాను.

డిసెంబరు మధ్యలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కడుపు తెరిచి చూసి మూసేశామని, ఇంక చేయగలిగింది లేదని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాడు. ఆటోలో తీసుకొచ్చాను. వదిన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని హాలులోకి నడిపించాం. ఉదయం పదకొండు గంటల వేళ. తూర్పు కిటికీ తెరిచి ఉంది, వెలుతురు గది నిండా పడి ఉంది. మంచం మీద కూర్చోబెట్టాం. ఆమె గోడ వైపు చూసింది. ఒక గోడ చూసింది, మెల్లగా తల తిప్పి రెండోది చూసింది. చేతిలో మందుల సంచి అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"బాగుండాదయ్యా. వెలుతురుగా ఉండాది" అంది.

అమ్మయ్య అనుకున్నాను. దేవుడికి స్తోత్రం కూడా చెప్పుకున్నాను, సిగ్గులేని మనిషిని.

రెండు రోజులు పోయాక మంచం మీద నుంచే హాలు సర్దించడం మొదలుపెట్టింది. తను కుట్టిన మీగడ రంగు తెరలు మేం తగిలించనే లేదు. వాటిని మళ్లీ బీరువాలో పెట్టమంది. తన గుడ్డల మూటలో లేత నీలం బట్ట ఉందని, అది తీయమని, వదిన చేత తన మిషను మీద కొత్త తెరలు కుట్టించింది. ఎన్ని కుచ్చులు పెట్టాలో వేలితో చూపించింది. గోధుమరంగు గలేబులు తీయించి తెల్లవి వేయించింది. గోడకున్న బైబిలు వాక్యాల వాగ్దానం కేలండరును కూడా ఇటునుంచి అటు మార్పించింది. నాకు ఒళ్లు మండింది. నొప్పి ఓర్చుకుని వారం రోజులు కుట్టినవి మూలన పడేసి ఇప్పుడీ నీలం ఏంటి, నీకు ఒక మాట మీద నిలకడ లేదా అని విసుక్కున్నాను.

"ఈ గోడకు ఇయ్యే బాగుంటాయిలే" అంది.

క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక సంఘం ఆడవాళ్లు కేకు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. హాలు చూసి, ఇదేనా నీ పెళ్లిచీర రంగు అని అడిగారు. నేను గుమ్మం దగ్గర కుర్చీ జరుపుతున్నవాణ్ణి, జరుపుతున్నట్టే ఆగిపోయాను. ఆమె దిండుకు ఆనుకుని నవ్వింది. అదేనని చెప్పింది. నేనే కొట్టు చుట్టూ తిరిగి ఎంతో అవస్థపడి ఆ రంగు తెప్పించానని కూడా వాళ్లతో చెప్పింది. వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. నేను తల ఊపాను. ఆమె కూడా నమ్మేసిందనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జనవరి మూడో వారంలో ఒక గురువారం పొద్దున పది గంటలకు పోయింది. వదిన వంటింట్లో గంజి కాస్తోంది. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి నా చేతిలోనే ఉంది, ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదు.

సంఘం పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. పెట్టె తేవడానికి మనుషులు పోయారు. ఆడవాళ్లు స్నానం చేయించడానికి నీళ్లు కాస్తున్నారు. నా అంతట నేనే బీరువా తెరిచి పెళ్లిచీర తీశాను. అంత భయపడ్డ చీర, ఆ రోజు నాకు దాని మీద భయం లేదు. కనీసం ఈ ఒక్క పనైనా ఆమె కోరినట్టు చేయాలి అనుకున్నాను. రెండు చేతుల్లో పట్టుకుని గదిలోకి పోతే, వదిన అది తీసుకోలేదు. అప్పటికే ఆమె చేతిలో వేరే చీర ఉంది. తెల్లటి నూలు చీర, సన్నటి నీలం అంచు. మా ఆవిడ ఆదివారాలు కట్టేది.

అంతే, నా గొంతు లేచింది. పోయిన మనిషి పక్కన నిలబడి, ఊరంతా వింటుండగా అరిచాను. ఇన్నేళ్లు దేనికోసం దాచుకుంది, మా అమ్మకు చేసింది నా భార్యకు చేయరా, కాదనడానికి నువ్వెవరు అని నానా మాటలూ అన్నాను. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మోచెయ్యి పట్టుకుని దొడ్లోకి, బట్టలు ఉతికే బండ దగ్గరికి తీసుకుపోయింది.

"చెప్పమాకని మాట తీసుకునింది అబ్బయ్యా. నువ్విట్టా అరస్తావుంటే చెప్పకుండా ఎట్టా? ఇంటికొచ్చిన రోజే కనిపెట్టింది. 'అక్కా, ఇది నేను ఎంచింది కాదు, ఆసుపత్రి గోడ రంగు. ఆయన భయపడి మార్పించినట్టుండాడు, చెప్పలేకపోయినాడు. ఈ గోడ ముందర నా పెళ్లిచీర కట్టి పెడితే చీర మాసినట్టు అగపడతాది. హాలుకు నా చీర రంగని అందరితో చెప్పుకున్నా. వచ్చినోళ్లు రెండూ చూస్తే, ఆయన నాకు అబద్ధం చెప్పినాడని తెలిసిపోతాది. అంతమందిలో ఆయన తలకాయ దించుకోకూడదు. నాకు ఆ నీలం అంచుది కట్టు' అనింది. అందుకే ఆ తెరలు గూడా కుట్టించింది."

నా చేతుల్లో చీర అలాగే ఉంది. ఉతికే బండ మీద కూర్చుండిపోయాను. కళ్లెదుటే కూర్చుని, ఒక్కొక్కటీ నాకు కనబడేలాగే చేసింది. తెరలు మార్చింది, గలేబులు మార్చింది, కేలండరు జరిపించింది. తనను ఆ హాలులో పడుకోబెట్టే రోజుకు హాలును సర్దుకుంది. అదంతా నా తప్పు నలుగురికీ కనబడకుండా కప్పడానికి. దాని కోసం పెళ్లిచీర వదులుకుంది. నేను నిలకడ లేదని తిట్టాను.

నీలం అంచు చీరలో పడుకోబెట్టారు. తెల్లటి గోడ, నీలం తెరలు, ఆ చీర. అన్నీ ఎంత చక్కగా కుదిరాయో నేను చెప్పలేను. వచ్చినవాళ్లు, నిద్రపోతున్నట్టే ఉంది, హాలంతా ఆమెకు తగినట్టే ఉంది అన్నారు. పెళ్లిచీర ఏదని ఒక పెద్దామె అడిగితే, పట్టు బరువని ఇదే కట్టమంది అని వదిన సర్దిచెప్పింది. నేను తల దించుకోలేదు. ఆమె కోరింది అదే కదా. సరుగుడు తోపు పక్కన సమాధుల తోటకు నడిచిపోయి, మట్టి వేసి, తిరిగి వచ్చి, గోడలన్నీ తెల్లగా ఉన్న ఆ హాలులో కూర్చున్నాను. అప్పుడు ఏడ్చాను. ఎవరో నీళ్లు తెచ్చి ఇచ్చారు.

పోయినవాళ్ల ఇంట్లో ప్రార్థనకు చేరే ఆదరణ కూడిక అయ్యాక వంటింటి మూలనున్న బకెట్ మూత తెరిచి చూస్తే రంగు గడ్డకట్టి చెడిపోయి ఉంది. నెల్లూరులో ఆ కొట్టుకే పోయాను. కొట్టాయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నోటుపుస్తకం తీసి పేజీలు తిప్పితే మా ముక్క అలాగే ఉంది, టేపు కింద. పక్కన నంబరు. దాని కింద ఆయన చేతిరాతతో, తూర్పు కిటికీ, ఎర్ర నేల అని ఉంది.

"అమ్మ రాలేదా సార్? ఆ పొద్దు ఎండలో నిలబడి మరీ చూసినారే" అన్నాడు.

లేదు, చనిపోయింది అన్నాను. ఆయన రంగు కలిపించి, ఆ టేపును గోటితో మెల్లగా ఊడదీసి, పోగు చెదరకుండా ముక్కను కాగితంలో పెట్టి నా చేతికి ఇచ్చాడు.

మేస్త్రిని పిలిచాను. బకెట్ చూసి అతను నా వైపు ఒకసారి చూశాడు. నేనే చెప్పాను. నువ్వు ఆగమన్నావు, నేను ఆగలేదు అని. రెండు కోట్లు వేశాడు. ఈసారి సాయంత్రం ట్యూబ్‌లైటు వేయలేదు. రెండు రోజులు వరండాలోనే పడుకున్నాను. మూడో రోజు పొద్దున ఏడు గంటలకు తూర్పు కిటికీ తెరిచి, ఎండ నేల మీద పడేదాకా ఆగి, పెళ్లిచీర తెచ్చి గోడకు ఆనించి పట్టుకున్నాను. చీర ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. కార్డు మీద చీరకు కుదిరినదాన్ని వదిలి పక్కదాన్ని ఎందుకు ఎంచిందో అప్పుడు తెలిసింది. ఎర్ర గచ్చు నుంచి పైకి వచ్చే వెలుతురు మిగతా తేడాను పూడ్చేసింది. ఇదంతా ఆమె రోడ్డు మీద నిలబడి, ఈ హాలును తలలో పెట్టుకుని చూసింది. ఎంత బాగుందో. చూడాల్సిన మనిషి చూడకుండా పోయింది, నా వల్ల.

నీలం తెరలు తీసి మడిచిపెట్టాను. ఆమె కుట్టిన మీగడ రంగు తెరలు తగిలించాను. ఆమె చేసిన ఇస్త్రీ మడతలు ఇంకా అలాగే ఉన్నాయి. కుట్టుపని నాకు రాదు. చీర ముక్కను కోసిన చోట పెట్టి, ఆమె సూదితోనే నాలుగు వంకర కుట్లు వేశాను. చూస్తే నవ్వేది, విప్పి మళ్లీ కుట్టేది.

గత నెలలో వదిన వచ్చింది. గుమ్మంలోనే ఆగి గోడలు చూసింది. ఇప్పుడెందుకు అబ్బయ్యా ఇది అని అడిగింది. కూర్చోమన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, అంత మెల్లగా మాట్లాడాను. నేను పోయినప్పుడు ఇదే హాలులో పెట్టించమని, కిటికీ తెరిపించమని, ట్యూబ్‌లైటు వేయనివ్వవద్దని చెప్పాను. బీరువాలోని పెళ్లిచీర నా మీద కప్పించమన్నాను. మగాడి మీద పెళ్లిచీర ఏంటని సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడిగితే, ఈ రంగు ఎవరు ఎంచారో చెప్పమన్నాను. నేను చెప్పిన అబద్ధం కూడా చెప్పమన్నాను. ఆమె కప్పిపెట్టింది కదా అని వదిన అంది. అందుకే చెప్పమంటున్నా అన్నాను. వదిన గోడ వైపు చూసి, సరే అంది.